స్తంభం మీద పదకొండు గుంతలు

జమ్మలమడుగులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో, అధికారి కుర్చీ వెనక గోడకు ఒక పెద్ద ఫోటో వేలాడుతోంది. పెన్నా ఒడ్డున పాత రాతి మండపం. పైన సిరా ఒలకబోసినంత నీలం ఆకాశం. కింద బెల్లం రంగులో రాళ్లు. మండపం లోపల మూలమూలకూ వెలుతురు. ఎండలో నిలబడి చూస్తే ఆ లోపల చీకటి తప్ప ఏమీ కనపడదని ఆ ఊళ్లో మేకలకు కూడా తెలుసు. ఫోటోలో మాత్రం పైకప్పు రాతి మీద పట్టిన మసిని కూడా చూడొచ్చు.

మొన్న ఏదో సర్టిఫికెట్ కోసం వెళ్లి ఆ కుర్చీ ముందు అరగంట నిలబడాల్సి వచ్చింది. నేను ఫోటోనే చూస్తున్నానని గుమాస్తా గమనించి, "బాగుంది కదా సార్, మన జిల్లాదే" అన్నాడు. "చెత్తగా ఉంది" అన్నాను. ఆయన మొహం మాడ్చుకుని నా కాగితాలు కట్ట అడుక్కి తోశాడు. ఇంకో అరగంట నిలబడ్డాను. ఆ ఫోటో తీసింది నేను. దిద్దింది నేను. దాన్ని గోడ మీంచి పీకి మోకాలికేసి విరిచెయ్యాలని ఉంటుంది గానీ, నాకు అంత తెగువే ఉంటే అది గోడెక్కేదే కాదు.

ఆ ఫోటో దిద్దిన పద్ధతిని హెచ్‌డీఆర్ అంటారు. తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. కెమెరా కన్ను మనిషి కన్నుకంటే మొద్దు. ఎండా నీడా ఒక్కసారి చూడలేదు. అందుకని కెమెరాను స్టాండు మీద కదలకుండా పెట్టి, ఒకే దృశ్యాన్ని మూడుసార్లు తీస్తాం. ఒకటి ఆకాశం కోసం, ఒకటి ఎండలో ఉన్న రాయి కోసం, ఒకటి లోపలి చీకటి కోసం. మూడింటినీ కంప్యూటర్ ఒకటిగా కలుపుతుంది. ఆ తర్వాత మన చేతిలో కొన్ని మీటలుంటాయి. నీడను ఎంత తెరవాలో, రాతి గరుకు ఎంత పెంచాలో మన ఇష్టం. కొత్తగా నేర్చుకున్నవాడు కొత్త బిచ్చగాడు పొద్దెరగనట్టు అన్ని మీటలూ చివరిదాకా లాగుతాడు. నేనూ లాగాను. పాత కోటలూ గుళ్లూ మా చేతుల్లో పడి మిఠాయి కొట్టులో బొమ్మల్లా తయారయ్యాయి. జనం వాటిని ఫ్రేములు కట్టించుకున్నారు.

నేను పని నేర్చుకున్నది ప్రొద్దుటూరులో, రీళ్ల కాలంలో. ఆ స్టూడియోలో ఒక నియమం ఉండేది. పని అయిపోయి ఆల్బం ఇచ్చేరోజు నెగెటివ్‌లు కూడా కవర్లో పెట్టి ఇచ్చేయాలి. స్టూడియోలో ఒక్క ముక్క మిగలకూడదు. ఇంకే ఊళ్లోనైనా నెగెటివ్‌లు దాచుకుని, మళ్లీ ప్రింటు కావాలంటే డబ్బులు తీసుకుంటారు. మా దగ్గర అలా కాదు. ఎందుకంటే ఫ్యాక్షన్ రోజుల్లో పెళ్లి ఫోటో అంటే పెళ్లి ఫోటో కాదు. ఏ వర్గంవాళ్లు ఎవరి పెళ్లికి వచ్చారు, ఎవరి జీపులో ఎవరు దిగారు, ఎవరి భుజం మీద ఎవరు చెయ్యి వేశారు, అన్నీ అందులో ఉండేవి. ఒకరోజు పోలీసులు వచ్చి అడిగేవాళ్లు. ఇంకోరోజు అవతలి వర్గంవాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. వీళ్లు ఏమీ అడిగేవాళ్లు కాదు. ఇంకా అప్పజెప్పని ఆల్బం తిప్పి, ముఖాలు చూసుకుని, టీ తాగి వెళ్లిపోయేవాళ్లు.

"మన కాడ ఏమీ ఉండగూడదురా" అనేవాడు మా యజమాని. "ఉంటే మనం సాచ్చులమైపోతాం."

ఆ మాట నా ఒంట్లో జీర్ణించుకుపోయింది. రీళ్లు పోయి మెమరీ కార్డులొచ్చాయి. నేను సొంతంగా స్టూడియో పెట్టుకున్నాను. పని అప్పజెప్పే రోజు కార్డు తుడిచి, కంప్యూటర్లోంచి కూడా అసలు ఫోటోలు తీసేసేవాణ్ణి. ఎవరూ అడగకపోయినా తీసేసేవాణ్ణి. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కోవడానికి ఎవరైనా చెప్పాలా?

నా సంపాదనలో సగం పార్టీల మీదే. ఫ్లెక్సీలొచ్చాక ప్రతి పుట్టినరోజుకీ, ప్రతి జాతరకీ, ప్రతి నామినేషన్‌కీ నాయకుల ముఖాలు కత్తిరించి అతికించడమే పని. ఒక నాయకుడు పార్టీ మారితే కొత్త ఫోటో తీయించుకునే తీరిక ఆయనకుండదు. పాత ఫోటోలోనే మెడలో కండువా రంగు మార్చమని మనిషిని పంపేవాడు. ఆ పని నా అంత బాగా చేసేవాడు మూడు ఊళ్లలో లేడని పేరు. కండువా మడతల్లో నీడ కూడా కొత్త రంగుకు సరిపోవాలి. అది నా నైపుణ్యం. గర్వంగా చెప్పుకునేవాణ్ణి కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఇక మా మేనత్త సంగతి. మా నాన్నకు చెల్లెలు. మాది గొర్రెలూ మేకలూ కాసుకునే కులం. మా నాన్న మందను అమ్మేసి ప్రొద్దుటూరు చేరాడు. అత్తను మాత్రం జమ్మలమడుగు పక్కన పెన్నా ఒడ్డు పల్లెకిచ్చారు. ఆ ఊరిదే ఆ మండపం. మా మామ నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడే మనిషి కాదు. ఏ వర్గంలోనూ లేడు. అయితే రాయడం చదవడం వచ్చు. ఒక ఎన్నికలో ఊరి పెద్ద పిలిచి, "పోలింగు బూతులో మన పార్టీ ఏజెంటుగా కూర్చో" అన్నాడు. కాదనడానికి ధైర్యం చాలక కూర్చున్నాడు. మధ్యాహ్నం అవతలివాళ్లు వచ్చి పెట్టెలు లాక్కుంటుంటే, చేతిలో ఓటర్ల జాబితాతో అడ్డం నిలబడ్డాడట. ఎందుకు నిలబడ్డాడో ఇప్పటికీ నాకర్థం కాదు. బూతు నుంచి తరుముకుంటూ మండపందాకా తీసుకొచ్చి, ఒక స్తంభం వెనక నక్కినవాడి మీద నాటుబాంబులు వేశారు. ఇనుప ముక్కలూ గాజు పెంకులూ కూరిన బాంబులు. మామ అక్కడే పోయాడు. స్తంభానికి గుంతలు పడ్డాయి.

కేసు నడిచింది. చూసినవాళ్లు ముగ్గురు. ముగ్గురూ కోర్టులో బోనెక్కి, తాము ఆరోజు ఊళ్లోనే లేమన్నారు. కేసు కొట్టేశారు. ఏ పెద్ద కోసమైతే మామ బూతులో కూర్చున్నాడో ఆ పెద్దా, ఎవరి మనుషులైతే బాంబులు వేశారో ఆ పెద్దా, కొన్నేళ్లకు ఒకే పార్టీలో చేరి ఒకే సోఫాలో కూర్చున్నారు. దొంగలూ దొంగలూ కలిసి ఊళ్లు పంచుకున్నారన్నట్టు, ఒకడికి ఇసుక, ఇంకొకడికి గనులు. ఆ సోఫా ఫోటో ఫ్లెక్సీ చేసింది కూడా నేనే. ఒకాయన కండువా రంగు మార్చాల్సి వచ్చింది.

అత్త ఆ ఊరు వదల్లేదు. మేకల్ని మేపుకుని, మధ్యాహ్నం ఎండకు మండపంలోకి తోలి, ఆ స్తంభానికే వీపు ఆనించి కూర్చునేది. దీపం పెట్టేది కాదు, దండం పెట్టేది కాదు. కూర్చునేది, అంతే. నేను చిన్నప్పుడు సెలవులకు పోతే నా వేలు పట్టుకుని ఒక్కొక్క గుంతలో పెట్టి లెక్కపెట్టించేది. పదకొండు. అది నాకు ఎక్కాలకన్నా ముందు వచ్చిన లెక్క.

స్టూడియో పెట్టిన కొన్నేళ్లకు నేను హెచ్‌డీఆర్ మోజులో పడ్డాను. ఒకరోజు పులివెందుల నుంచి ఒకాయన ప్రొద్దుటూరు వచ్చి నా స్టూడియో మెట్లెక్కాడు. పార్టీ మనిషి. తెల్ల చొక్కా, చేతికి రెండు గడియారాలన్నట్టు ఒక గడియారమూ ఒక బంగారు గొలుసూ. జిల్లాలోని పాత కట్టడాల మీద ఒక పుస్తకం అచ్చేసే పని ఆయనకు దొరికింది. పాత కట్టడాలంటే ఆయనకు ఏం తెలుసో దేవుడికెరుక. పుస్తకం అయ్యాక ఆ కట్టడాలను బాగుచేసే కాంట్రాక్టు కూడా ఆయనదేనని తర్వాత తెలిసింది.

"బొమ్మలు కళకళలాడల్ల అప్పా" అన్నాడు. "నువ్వు ఆ కంప్యూటర్లో ఏందో చేస్తావంట గదా, అట్ల."

ఆయనిచ్చిన జాబితాలో మూడో పేరు మా అత్త ఊరి మండపం.

స్టాండూ కెమెరా తీసుకుని బస్సులో పోయాను. మధ్యాహ్నం రెండు. బయట ఎండ కళ్లు పొడుస్తోంది. మండపం ఎదురుగా స్టాండు పెట్టి చూస్తే, లోపల స్తంభానికి ఆనుకుని అత్త కూర్చుని ఉంది. చుట్టూ మేకలు.

"అత్తా, రవ్వంత పక్కకు జరుగు. ఫోటోలో పడతాండావు" అన్నాను.

"పడితే ఏమి? రాయి పడొచ్చు, నేను పడగూడదా?"

"పుస్తకానికి తీస్తాండా అత్తా. మనుషులు ఉండకూడదంట."

"మనుషులు ల్యాకుండానే కట్టినారా దీన్ని?" అంది. జరగలేదు.

నాకు కోపం వచ్చింది. ఎండలో మాడుతున్నాను, సాయంత్రం బస్సు దొరక్కపోతే మళ్లీ ఆ పల్లెలోనే పడుకోవాలి. అత్త నా మొహం చూసి ఏమనుకుందో, "ఈడికి రా" అని పిలిచింది. దగ్గరికి పోతే చిన్నప్పట్లాగే నా చూపుడువేలు పట్టుకుని మోకాలి ఎత్తులో ఉన్న గుంతలో పెట్టింది. లోపల ఏదో గరుగ్గా తగిలింది.

"ఇనుపముక్క. ఇంగా దాంట్లోనే ఉండాది" అంది. "కోర్టులో ముగ్గురికి ముగ్గురు అడ్డం తిరిగినారు. ఈ రాయి తిరగల్యా. దీన్ని బాగా తియ్యి. పుస్తకంలో పడితే ఇంగెవురూ కాదనేకి ల్యా గదా?"

"పడతాయిలే అత్తా" అన్నాను. "లోపల చీకట్లో ఉండేవన్నీ పడతాయి. అట్లాంటి కెమెరానే ఇది."

మూడు ఫోటోలు తీశాను. మొదటి రెండింటిలో అత్త కూర్చునే ఉంది. మూడోది చీకటి కోసం తీసేది. ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచాలి. అది మొదలుపెట్టే ముందు ఒక మేక నది ఇసుకలోకి పారిపోతుంటే "దీని జిమ్మడ" అని తిట్టుకుంటూ దాని వెనక లేచి పోయింది. మిగతా మేకలూ ఆమె వెంటే కదిలాయి. మూడో దాంట్లో స్తంభం ఒక్కటే ఉంది.

మర్నాడు ప్రొద్దుటూరులో కంప్యూటర్ ముందు కూర్చుని మూడింటినీ కలిపాను. నీడ మీట లాగుతూ ఉంటే మండపం లోపల చీకటి మెల్లగా విడిపోయింది. నిజం చెబుతున్నాను, అంత స్పష్టంగా ఆ గుంతల్ని నేనూ ఎప్పుడూ చూడలేదు. మసిబారిన రాతిలో పదకొండు తెల్లటి దెబ్బలు. మోకాలి దగ్గర గుంతలో తుప్పు రంగు కూడా తేలింది. ఆ మీటలు కనిపెట్టినవాడికి ఆ క్షణంలో దండం పెట్టాను.

స్తంభం ముందు మాత్రం ఒక మసక ఉంది. రెండు ఫోటోల్లో ఉండి మూడో దాంట్లో లేని మనిషి ఇలాగే సగం సగంగా, వెనక రాయి కనపడుతూ మిగులుతుంది. మా పనిలో దాన్ని దయ్యం అంటాం. దయ్యాన్ని తీసెయ్యడానికి ఒక మీట ఉంది. మూడో ఫోటోలోని ఖాళీ జాగాను తెచ్చి అక్కడ కప్పేస్తుంది. నొక్కాను. మసక పోయింది, రాయి వచ్చింది. పక్కనున్న టీ చల్లారకముందే తాగాను.

రెండు రోజులకు పులివెందులాయన వచ్చాడు. ఒక్కొక్క ఫోటో చూస్తూ "శానా బాగుండాది, శానా బాగుండాది" అంటూ వచ్చినవాడు మండపం దగ్గర ఆగాడు. తెరకు మొహం దగ్గరగా పెట్టాడు.

"ఇయ్యేందప్పా, పురుగు పట్టినట్టు?"

"గుంతలు సార్."

"అది కనపడతాండాది. ఏం గుంతలు?"

నేను చెప్పలేదు. ఆయనకు తెలుసు. ఆ ప్రాంతంలో ఆ మండపం సంగతి తెలియనివాడు లేడు. చచ్చినవాడు నాకు మామ అవుతాడన్నది మాత్రం ఆయనకు తెలియదు. నేనది కూడా చెప్పలేదు.

"ఇప్పుడు అందరం ఒగటే గదప్పా" అన్నాడు ఆయన, నా భుజం మీద చెయ్యి వేసి. "పాతవి మళ్లా ఎత్తేది యాల? పై ఊర్లోళ్లు చూసే పుస్తకం. నున్నగా చేసెయ్. ఎంతసేపు పడుతుంది?"

ఇక్కడ నేను భయపడ్డానని రాస్తే చదివేవాళ్లు జాలిపడతారు. నేను భయపడలేదు. ఆయన బెదిరించలేదు. కాదంటే ఇంకో ఫోటోగ్రాఫర్ని చూసుకునేవాడు, అంతే. కండువా రంగు మార్చమన్నప్పుడు నా చెయ్యి ఎలా కదిలేదో అలాగే కదిలింది. పక్కనున్న మంచి రాతిని తీసుకుని గుంత మీద అద్దడం, అంచులు కలిసేలా మెత్తగా రుద్దడం. ఆయనతో పది నిమిషాలన్నాను. నాలుగే పట్టాయి. మోకాలి దగ్గర తుప్పు రంగు ఒకసారి ఒప్పుకోలేదు, మళ్లీ అద్దాను. ఆయన వెనక నిలబడి చూసి, "నీ చేతిలో మంత్రముండాదప్పా" అన్నాడు. అప్పుడు నాకు సంతోషం కూడా వేసింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని ఊరికే అన్నారా?

ఫోటోలన్నీ డిస్కులో ఎక్కించి, ఒక్కొక్క ప్రింటు కూడా తీసి నేనే పులివెందుల తీసుకుపోయాను. బస్టాండు నుంచి ఆయన తోట దగ్గరే. బోరు నీళ్లు పారుతున్న చీనీ చెట్ల మధ్య కుర్చీ వేయించి, బత్తాయి రసం ఇప్పించాడు.

"అసలు ఫోటోలు కూడా ఇచ్చిపో. రేపు ఇది పాడైతే?" అన్నాడు.

"మేము ఉంచుకోం సార్. పని అయిపోతానే తుడిచేస్తాం. పొద్దన్నే తుడిచేసి వచ్చినా" అన్నాను, మా యజమాని నేర్పిన గొప్ప పద్ధతి అన్నట్టు.

ఆయన నవ్వాడు. మొదటిసారి నన్ను మర్యాదగా చూశాడు.

పుస్తకం వచ్చింది. విడుదల సభలో రెండు వర్గాల పెద్దలూ పక్కపక్కన నిలబడి రిబ్బన్ కత్తిరించారు. నాకు ఒక శాలువా కప్పారు. శాలువా ఇప్పటికీ ఉంది, మా ఇంట్లో ఇస్త్రీ బల్ల మీద పరుస్తాం.

ఆ తర్వాత నెలా రెండు నెలలకు, ఒక ఉదయం స్టూడియో తలుపు తీసేసరికి మెట్ల మీద అత్త కూర్చుని ఉంది. జమ్మలమడుగు నుంచి మొదటి బస్సుకు వచ్చినట్టుంది. లోపలికి తీసుకుపోయి, పాస్‌పోర్టు ఫోటోలు తీసే స్టూలు మీద కూర్చోబెట్టాను. టీ తాగనంది. కొంగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ప్లాస్టిక్ అట్ట వేయించిన ఫోటో. సిమెంటు చేతులతో పట్టుకున్న మరకలు. మండపం.

"మేస్త్రీ కాడ లాక్కోనొస్తి" అంది. "పదిమంది వచ్చినారు. రాతిపొడి, సిమెంటు, రంగు. గుంతలన్నీ పూడ్చి నున్నగా రుద్దినారు. నేను అడ్డం పడితి. మేస్త్రీ ఏమన్న్యాడో తెలుసునా? 'ఫోటోలో ఎట్లుంటే అట్ల చెయ్యమన్నారమ్మా, మాదేముండాది' అని ఇది చూపిచ్చినాడు."

నేను ఫోటో వెనక్కి తిప్పాను. నా స్టూడియో ముద్ర.

నాకు అప్పుడు సిగ్గు రావాలి. రాలేదు, కోపం వచ్చింది. "నేనేం చేసేది? వాళ్లతో కొట్లాడమంటావా? మామ కొట్లాడి ఏం బావుకున్న్యాడు?" అని అరిచాను. రోడ్డు మీద పోయే మనిషి ఆగి లోపలికి చూశాడు. అత్త ఆ అరుపంతా తన మీద కాదన్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"అది పోనీలే" అంది. "గుంతలుండే ఫోటో ఒగటి ఉంటాది గదా నీ కాడ? అది ఇయ్యి. రాయిలో ల్యాకపోతే కాయితంలో అన్నా ఉంటుంది."

లేదు. కార్డు తుడిచేశాను. ఆ కార్డు మీద ఆ తర్వాత ఎన్ని పెళ్లిళ్లు తీశానో. కంప్యూటర్లో ఉన్నది నున్నగా దిద్దిన ఫోటో ఒక్కటే. అయినా వెతికాను. ఎక్కడైనా ఒకటి మరిచిపోయి ఉంటానేమోనని ప్రతి అరా తీశాను. జీవితంలో మొదటిసారి నా పద్ధతిని నేనే తిట్టుకున్నాను. అంత శుభ్రంగా తుడిచే ఫోటోగ్రాఫర్ ఆ మూడు ఊళ్లలో ఇంకొకడు ఉండడు.

"ల్యాదత్తా. మళ్లా పెడతాలే" అన్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. తెర మీద మండపం తెరిచి, స్తంభాన్ని పెద్దది చేసి, గుంతలు గీయడం మొదలుపెట్టాను. చిన్నప్పటి నుంచి వేలు పెట్టి లెక్కపెట్టినవే కదా, నాకు రావా అనుకున్నాను. ఒకటి పైన, రెండు పక్కన, మోకాలి దగ్గర ఒకటి. లోపల నీడ, అంచుకు తెలుపు. పదకొండూ పెట్టాను. మోకాలి దగ్గర తుప్పు రంగు కూడా అద్దాను. ఎవడు చూసినా నిజమైనవే అంటాడు. అంత బాగా వచ్చాయి.

అత్త స్టూలు దగ్గరికి జరుపుకుని తెర మీద వేలు పెట్టింది. గాజు మీద ఆమె వేలు ఒక్కో గుంత దగ్గర ఆగి, కొంచెం పక్కకు జరిగి, అక్కడ ఏమీ లేక మళ్లీ వెనక్కి వచ్చేది. అలా మూడు నాలుగు గుంతలయ్యాక వేలు తీసేసింది.

"ఇయ్యి నువ్వు చేసినవి" అంది. "వాళ్లు పూడ్చినారు, నువ్వు తవ్వినావు. రెండూ ఒగటే పని."

నేను మౌస్ వదిలేశాను. ఆమె ఇంకా తెర వైపే చూస్తోంది. గుంతలను చూడడం లేదు. స్తంభం అడుగున, నేల దగ్గర చూస్తోంది. వెలుతురు పడుతున్న ఖాళీ బండ.

"ఆ పొద్దు నేను ఈడ కూర్చోనుంటిని గదా?" అంది.

"ఉంటివి."

"జరగమంటివి. జరగల్యా నేను. ఫోటో తీస్తివి."

"అవునత్తా."

"మేక కోసరం లేసినాక గాదు, అంతకు ముందే రెండు మాట్లు టప్‌మన్న్యాది నీ కెమెరా. ఇన్న్యా నేను."

నేను తలూపాను.

"గుంతలు తీసెయ్యమని ఆ కాంట్రాక్టరప్ప చెప్పినాడు, సరే. ఆయప్పకు గుంతలతో బాధ." తెర మీంచి చూపు తిప్పి నా మొహంలోకి చూసింది. "నన్ను తీసెయ్యమని ఎవురు చెప్పినారు?"

ఏదో ఒక పేరు చెప్పొచ్చు. పులివెందులాయన అనొచ్చు, కంప్యూటర్ అనొచ్చు, పుస్తకాల్లో మనుషులుండకూడదనే నియమం అనొచ్చు. ఆ ముగ్గురు సాక్షుల్లాగా నేనా రోజు ఊళ్లోనే లేనని కూడా అనొచ్చు. ఇంతా చేసి, నాకు ఆమెతో అబద్ధం చెప్పడానికి ఆ పూట నోరు రాలేదు.

"ఎవురూ చెప్పల్యా అత్తా" అన్నాను.

"అదే అనుకుంటి" అంది. మేస్త్రీ దగ్గర లాక్కొచ్చిన ఫోటోను బల్ల మీదే వదిలేసి, పదకొండు గంటల బస్సుకు పోయింది.